గడ్డ

గన్నవరం బస్టాండు దగ్గర మందుల షాపులో ఒకావిడ "మా అత్తగారికి కాల్లో గడ్డ ఉందన్నారండీ, అది ఊపిరితిత్తుల్లోకి పోయిందంట" అంటే, పక్కన నిలబడ్డ పెద్దాయన "అయ్యో, క్యాన్సరామ్మా?" అన్నాడు. ఆయన్ననేం లాభం, గడ్డ అన్నమాటే అంత! మట్టిగడ్డ, సెగగడ్డ, ఐసుగడ్డ, చివరికి మనం పుట్టిన గడ్డ; ముద్దగా, గట్టిగా ఉన్నదేదైనా గడ్డే. కన్నడిగుల గెడ్డె, తమిళుల కట్టి దీని చుట్టాలు. తెలంగాణ ఉల్లిగడ్డ, ఆలుగడ్డ మన కృష్ణాజిల్లాలో పాయ, దుంప అయ్యాయి గానీ గడ్డపెరుగు మాత్రం గడ్డపెరుగే. చిత్రంగా గ్రీకు ‘థ్రాంబోస్’కూ విరిగిన పాలముద్ద, నెత్తుటిగడ్డ రెండూ అర్థాలే, రక్తనాళంలో నెత్తురు గడ్డకట్టడానికి పెట్టిన థ్రాంబోసిస్ అన్న పేరు అందులోంచి వచ్చింది. ఆ గడ్డ పుట్టినచోటు వదిలి రక్తంలో కొట్టుకుపోయి ఇంకెక్కడో అడ్డం పడితే అది ఎంబాలిజం. ‘ఎంబొలస్’ అంటే బిరడా, లోపలికి దిగ్గొట్టింది. ఊపిరితిత్తుల్లో దొరికే గడ్డలు కాళ్ల సిరల నుంచి వచ్చినవేనని 1840ల్లో తేల్చిన జర్మన్ వైద్యుడు రుడాల్ఫ్ విర్కో పెట్టిన పేరది. అంతకుముందు ఇంగ్లీషువాళ్లకి ఎంబాలిజమంటే కాలెండర్లో అదనపు రోజులు చొప్పించడం, మన అధికమాసం లాంటిదన్నమాట! మన పేపర్లు రెంటినీ ‘రక్తం గడ్డకట్టి’తో సరిపెడతాయి. పిల్లల్ని చూడ్డానికి ఇక్కణ్ణుంచి విమానమెక్కి, కాళ్లు కదపకుండా గంటల తరబడి కూర్చుని అమెరికా వెళ్లే అమ్మానాన్నలకి అది చాలదు, కాల్లో గడ్డ ఊపిరితిత్తుల దాకా పోగలదని మాటలోనే తెలియాలి.  ఎంబాలిజంలో అడ్డంపడేదాన్ని ‘కొట్టుకొచ్చిన గడ్డ’ అంటే పోలా?