లింగంపల్లి రైల్వే స్టేషన్: దారి మధ్య స్టేషన్ నుంచి బళ్లు బయల్దేరే చోటు దాకా

లింగంపల్లి స్టేషన్‌కు ఊరి పేరైతే ఉంది గాని, ఆ దారిన పట్టాలు వేసినవాళ్ల లెక్కలో ఆ ఊరు లేదు. బొంబాయి - మద్రాసు ప్రధాన మార్గం మీది వాడి నుంచి నిజాం రాజధానికి రైలు రావాలన్నదే అప్పటి అవసరం. 1870లో ఒప్పందం కుదిరింది. 1874 అక్టోబరులో వాడి - సికింద్రాబాద్ మార్గం మొదలైంది. తాండూరు, వికారాబాద్, శంకర్‌పల్లి దాటి వచ్చే బండికి లింగంపల్లి అంటే రాజధాని దగ్గర పడిందన్న గుర్తు, అంతే. ఈ దారి ఎవరి కోసం అన్న ప్రశ్నకు జవాబు ఆనాటి నుంచి ఎంత మారిందో, ఎక్కడ మారకుండా మిగిలిందో పరిశీలించడం ఈ వ్యాసం ఉద్దేశం.

ఆ ప్రశ్న హైదరాబాదుకు కొత్తది కాదు. 1883లో చాందా రైల్వే పథకం మంచిచెడ్డలను బహిరంగంగా చర్చకు పెట్టినందుకు సరోజినీ నాయుడు తండ్రి అఘోరనాథ్ ఛటోపాధ్యాయను సంస్థానం నుంచి వెళ్లగొట్టారు. ఆ గొడవ వేరే దారి గురించిందే. అయినా రైలు లాభనష్టాలను జనం అడగవచ్చన్న ఆలోచన ఇక్కడ అంత పాతదని గుర్తుంచుకోవడం అవసరమని నా అభిప్రాయం. ఆ తరవాత యాజమాన్యాలు మారాయి. 1930లో రైల్వే నిజాం ప్రభుత్వం చేతికి వచ్చింది, 1951లో మధ్య రైల్వేలో కలిసింది, 1966 అక్టోబరు 2న దక్షిణ మధ్య రైల్వే ఏర్పడింది. లింగంపల్లి స్వరూపాన్ని మార్చింది మాత్రం ఇవేవీ కావు.

మార్చింది చుట్టూ వెలసిన కొలువులు. పక్కనే రామచంద్రాపురంలో 1960లలో బీహెచ్‌ఈఎల్ కర్మాగారం వచ్చింది. 1972లో పటాన్‌చెరు దగ్గర పంటల పరిశోధన సంస్థ ఇక్రిశాట్, 1974లో హైదరాబాద్ విశ్వవిద్యాలయం వచ్చాయి. 1998లో ఐటీ కంపెనీల భవనం సైబర్ టవర్స్ తెరిచాక శేరిలింగంపల్లి పొలాలు ప్లాట్లయ్యాయి, ప్లాట్లు అపార్టుమెంట్లయ్యాయి. 2007లో శేరిలింగంపల్లి మున్సిపాలిటీ గ్రేటర్ హైదరాబాద్‌లో కలిసిపోయింది. ఊరికి రైలు వచ్చిన చోట్లు చాలా ఉన్నాయి. ఇక్కడ పట్టాల దగ్గరికి ఊరే నడిచి వచ్చింది.

2003 ఆగస్టు 9న అప్పటి ఉప ప్రధాని ఎల్.కె. అద్వానీ ఎంఎంటీఎస్ (మల్టీ మోడల్ ట్రాన్స్‌పోర్ట్ సిస్టమ్) లోకల్ రైళ్లను ప్రారంభించారు. ఖర్చును రైల్వే, రాష్ట్ర ప్రభుత్వం చెరి సగం భరించాయి. కరెంటు బళ్లు లింగంపల్లిలో బయల్దేరి చందానగర్, హఫీజ్‌పేట, హైటెక్ సిటీ, బోరబండ, భరత్‌నగర్, ఫతేనగర్, నేచర్ క్యూర్ హాస్పిటల్ మీదుగా బేగంపేట చేరతాయి. అక్కడ దారి చీలుతుంది: ఒకటి సికింద్రాబాద్‌కు, ఇంకొకటి ఖైరతాబాద్, లక్డీకాపూల్ మీదుగా నాంపల్లికి.

ఉదయం ఎనిమిది దాటాక ప్లాట్‌ఫాం మీద నిలబడి చూస్తే ఈ సేవ ఎవరిదో తెలిసిపోతుంది. పాస్ ఉన్నవాళ్లు ఇండికేటర్ వైపు చూడనే చూడరు. ఆడవాళ్లు తమ పెట్టె ఎక్కడ ఆగుతుందో తెలిసి, టిఫిన్ బాక్సున్న సంచి భుజానేసుకుని, అక్కడే గుంపుగా నిలబడతారు. బండి ఇక్కడే బయల్దేరుతుంది గనక లింగంపల్లిలో ఎక్కినవాళ్లకు కూర్చునే చోటు దొరుకుతుంది. చందానగర్‌లో ఎక్కినవాళ్లకు అది దొరుకుతుందో లేదో. హఫీజ్‌పేట నుంచి నిలబడక తప్పదు. రోజూ వెళ్లేవాళ్లకు చివరి స్టేషన్ విలువ ఆ సీటులోనే ఉంది.

ఈ సేవలోని బలహీనత కూడా ఆ ప్లాట్‌ఫాం మీదే కనిపిస్తుంది. లోకల్ బళ్లకు విడిగా పట్టాలు లేవు. ముంబై వైపు ఎక్స్‌ప్రెస్‌లు, తాండూరు - వాడి ప్రాంతపు సిమెంటు గూడ్సులు, ఎంఎంటీఎస్ అన్నీ ఒకే జంట మార్గం మీద నడవాలి. ముంబైలో రద్దీ మార్గాల మీద లోకల్‌కు వేరే లైన్లున్నాయి. ఇక్కడ దూరపు బండి ఆలస్యమైతే దాని వెనక లోకల్ ఆగుతుంది, ఆఫీసు హాజరు తప్పుతుంది. ఛార్జీ 5 రూపాయల నుంచి మొదలవుతుంది. నగరంలో ఇది చాలా చవకైన ప్రయాణం. చవక ఒక్కటే చాలదు, వేళ కూడా కావాలి. కరోనా వల్ల 2020 మార్చిలో ఆగిన బళ్లు 2021 జూన్ 23న గాని మళ్లీ కదల్లేదు. ఆ పదిహేను నెలలూ తక్కువ జీతగాళ్ల మీద పడిన రవాణా భారాన్ని విడిగా పరిశోధించాలి.

ఇంకో మార్పు దూరపు బళ్లది. గౌతమి, నారాయణాద్రి, జన్మభూమి వంటివి లింగంపల్లి దాకా వస్తున్నాయి. కాకినాడ, తిరుపతి, విశాఖ నుంచి వచ్చి పడమటి శివార్లలో స్థిరపడ్డ కుటుంబాలకు ఇదే ఇప్పుడు ఊరెళ్లే స్టేషన్. సంక్రాంతి ముందు ప్లాట్‌ఫాం నిండా అట్టపెట్టెలూ, చంటిపిల్లలూ, కిటికీ సీటు కోసం అలిగే బడి పిల్లలూ కనిపిస్తారు. విజయవాడ ఇంటర్‌సిటీ కథ వేరు. ఆంధ్రప్రదేశ్ సచివాలయం 2016లో వెలగపూడికి మారినప్పుడు, ఇల్లు హైదరాబాద్‌లో, కొలువు కృష్ణ ఒడ్డున ఉన్న ఉద్యోగులకు ఆ బండి ఆసరా అయింది. వారానికోసారి రెండు వందల డెబ్బై కిలోమీటర్లకు పైగా వెళ్లి వచ్చేవాళ్లను కూడా నిత్య ప్రయాణికుల లెక్కలో చేర్చాలని నేనంటాను.

ఎంఎంటీఎస్ రెండో దశలో సనత్‌నగర్ - మౌలాలి మార్గాన్ని జంట లైను చేసి విద్యుదీకరించారు. 2024 మార్చి 5న ఘట్‌కేసర్ - లింగంపల్లి ఎంఎంటీఎస్ ఆ దారిన మొదలైంది. 2025 నుంచి జన్మభూమి ఎక్స్‌ప్రెస్ కూడా చర్లపల్లి మీదుగా అదే దారి పట్టింది. పొద్దున విశాఖలో ఎక్కినవాళ్లు సికింద్రాబాద్ మొహం చూడకుండానే రాత్రికి లింగంపల్లిలో దిగుతున్నారు. మెట్రో మాత్రం మియాపూర్‌లోనే ఆగిపోయింది. వాన పడితే స్టేషన్ పక్క అండర్‌పాస్‌లో నీళ్లు నిలుస్తాయి. బహుళ రవాణా అన్న మాటను పేరులోనే పెట్టుకున్న ఈ వ్యవస్థలో, దిగినవాళ్లు సామాను కింద పెట్టి ఆటో మాట్లాడుకుంటున్నారు.