ఎన్నూరు ఉప్పుటేరు

చెన్నైకి ఉత్తరాన, తిరువొత్తియూరు దాటాక కొసస్తలై నది సముద్రంలో కలిసే చోటు. చిత్తూరు వైపు నుంచి పారే నగరి నీళ్లూ ఈ నదిలోకే చేరతాయి. బకింగ్‌హామ్ కాలువ దీన్ని పులికాట్ సరస్సుతో కలుపుతుంది. మడచెట్లు, రొయ్యలు, పీతలు, గూడబాతులు ఇక్కడి సంపద.

చుట్టూ పరిశ్రమలే: 1969లో ఉత్పత్తి మొదలుపెట్టిన మనలి చమురుశుద్ధి కర్మాగారం, థర్మల్ విద్యుత్ కేంద్రాలు, 2001లో తెరిచిన ఓడరేవు. పెద్ద పరిశ్రమలకిచ్చే పర్యావరణ అనుమతుల్లో మూడో వంతు స్థలంలో పచ్చదనం పెంచాలన్న షరతు సాధారణంగా ఉండేది. ప్రహరీ లోపలి చెట్లు మంచివే. కానీ గూడబాతుకు కావలసింది చేపలున్న నీరు, ఆ నీరు ప్రహరీ బయట ఉంది.

విద్యుత్ కేంద్రం బూడిద గొట్టాలు కారి, ఆ బూడిద ఏటి అడుగున పేరుకుంది. దీనిపై జాతీయ హరిత ట్రిబ్యునల్ 2022లో పునరుద్ధరణకు ఆదేశించింది. 2017 జనవరి 28న రెండు ఓడలు ఢీకొని ఒలికిన చమురు తిరువొత్తియూరు తీరానికి కొట్టుకొచ్చింది. ఆలివ్ రిడ్లే తాబేళ్లు గుడ్లుపెట్టే కాలమది. ఆ చమురును చాలావరకు బకెట్లతోనే ఎత్తారు. 2023 డిసెంబరులో మిచాంగ్ తుపాను వరద వెంట మనలి చమురు ఏటిలోకి దిగింది. రెక్కలకు జిడ్డు పట్టిన గూడబాతులు కనిపించాయి. కర్మాగారం మొదట లీకేజీ లేదంది. కాలుష్య నియంత్రణ మండలి మాత్రం బాధ్యత దానిదేనని తేల్చింది. ఈసారి ఏటిలోకి దిగి చమురు తోడినవారిలో జాలర్లు ఉన్నారు.