విజయవాడ వన్ టౌన్‌లో ‘ప్రైవేటు బడి’: గ్రాంటు నుంచి ఫీజు దాకా

1. ఉపోద్ఘాతం

ఇంద్రకీలాద్రికీ కృష్ణానదికీ రైలు మార్గానికీ నడుమ పెరిగిన పాత బెజవాడే నేటి వన్ టౌన్. కొత్తపేట, వించిపేట, చిట్టినగర్, పంజా సెంటర్, కాళేశ్వరరావు మార్కెట్ పరిసరాల్లో తెలుగు వర్తకులు, మార్వాడీ, గుజరాతీ వ్యాపారులు, ఉర్దూ మాట్లాడే కుటుంబాలు, హమాలీలు, కొండవాలు పేటల్లోని కూలీలు దగ్గరదగ్గరగా నివసిస్తున్నారు. వీధిలోని ఈ వైవిధ్యం తరగతి గదిలోకి ఎంతవరకు చేరుతుందన్నది, బడి ఖర్చు ఎవరు భరిస్తారన్న దానిపై ఆధారపడుతూ వచ్చింది. ‘ప్రైవేటు బడి’ అన్న మాటకు కాలక్రమంలో వచ్చిన అర్థభేదాన్ని ఈ దృష్టితో పరిశీలించడం ఈ వ్యాసం ఉద్దేశం.

2. గ్రాంటుతో నడిచిన బడి

కృష్ణా మండలంలో ఆంగ్ల విద్యకు తొలి కేంద్రం మచిలీపట్నం. అక్కడ రాబర్ట్ నోబుల్ 1843లో స్థాపించిన మిషన్ పాఠశాల ప్రధానంగా పై కులాల పిల్లలను ఉద్దేశించినది. కనుక ప్రైవేటు బడి మొదట అందరి బడిగా పుట్టిందనడానికి వీల్లేదు. 1854 నాటి ఉడ్ తాఖీదు గ్రాంటు విధానాన్ని ప్రవేశపెట్టింది. యాజమాన్యం ప్రైవేటుదైనా ప్రభుత్వం ఆర్థిక సాయం చేసే పద్ధతి దానితో స్థిరపడింది.

1855లో ఆనకట్ట పూర్తికావడంతో డెల్టాలో వ్యవసాయం, దానితోపాటు బెజవాడ వర్తకం పెరిగాయి. 1888లో పురపాలక సంఘం ఏర్పడింది. వర్తకుల దాతృత్వం విద్య వైపు మళ్ళింది. కొత్తపేటలోని ఎస్.కె.పి.వి.వి. హిందూ హైస్కూలు, ఆ కమిటీయే స్థాపించిన కాకరపర్తి భావనారాయణ కళాశాల ఈ ధోరణికి నిదర్శనాలు. మరోవైపు గాంధీజీ మునిసిపల్ హైస్కూలు వంటివి పురపాలక సంఘం ఆధ్వర్యంలో నడిచాయి. ఎయిడెడ్ బడిలో ఉపాధ్యాయుల జీతాన్ని గ్రాంటు భరించేది. అందువల్ల బడి మనుగడ పిల్లవాడి తండ్రి ఇచ్చే ఫీజు మీద ఆధారపడేది కాదు.

3. గ్రాంటు లేని బడి

1980 దశకం నుంచి ఈ అర్థం మారసాగింది. 1982 నాటి ఆంధ్రప్రదేశ్ విద్యా చట్టం, 1988 నాటి గ్రాంటు క్రమబద్ధీకరణ చట్టం ప్రైవేటు సంస్థలకూ ప్రభుత్వానికీ మధ్య సంబంధాన్ని తిరగరాశాయి. 1986లో విజయవాడలో బాలికల జూనియర్ కళాశాలగా మొదలైన శ్రీచైతన్య, తర్వాతి కాలంలో పాఠశాల విద్యలోకి విస్తరించింది. 1994 నాటి జీవో 1 ఫీజు రాబడిలో యాజమాన్యానికి 5 శాతం మిగులును అనుమతించి, 50 శాతం జీతాలకు వెచ్చించాలని నిర్దేశించింది. అంటే అప్పటికే బడికి ప్రధాన ఆధారం ఫీజు అన్న సంగతిని ప్రభుత్వం అంగీకరించినట్లే.

ఉమ్మడి రాష్ట్రంలో ‘యంగ్ లైవ్స్’ అధ్యయనం పరిశీలించిన పిల్లల్లో, ఏడెనిమిదేళ్ల వయసుకు ప్రైవేటు బడిలో ఉన్నవారు 2002లో 24 శాతం కాగా 2009 నాటికి 44 శాతం.

4. ఖర్చు, ఫలితం

ఫీజు కట్టినందువల్ల ఒనగూరేదేమిటి? కార్తీక్ మురళీధరన్, వెంకటేశ్ సుందరరామన్ ఇదే రాష్ట్రంలోని 180 గ్రామాల్లో లాటరీ ద్వారా కొందరు పిల్లలకు ప్రైవేటు బడి ఖర్చు చెల్లించి, ఫలితాలను 2015లో ప్రచురించారు. నాలుగేళ్ల తర్వాత తెలుగు, గణితాల్లో లాటరీ తగిలిన పిల్లలకూ తగలని పిల్లలకూ చెప్పుకోదగిన తేడా కనబడలేదు. హిందీలో మాత్రం మొదటివారు ముందున్నారు. ప్రైవేటు బడులు తెలుగు, గణితాలకు తక్కువ సమయం కేటాయించాయి. ఒక్కో విద్యార్థిపై వాటి ఖర్చు ప్రభుత్వ బడి ఖర్చులో మూడో వంతుకన్నా తక్కువ. ఉపాధ్యాయుల తక్కువ జీతాలు దీనికి ముఖ్య కారణం. గ్రామాల్లో తేలిన ఈ ఫలితాన్ని వన్ టౌన్‌కు యథాతథంగా అన్వయించలేము. అయినా ఫీజును నాణ్యతకు కొలబద్దగా భావించరాదని అది హెచ్చరిస్తుంది.

5. నియంత్రణ, కోటా

2021 ఆగస్టులో వచ్చిన జీవో 53 నగరపాలక సంస్థల పరిధిలో ప్రాథమిక స్థాయికి 12,000, ఉన్నత పాఠశాల స్థాయికి 18,000 రూపాయలను వార్షిక ఫీజుగా నిర్ణయించింది. ఆ డిసెంబరులో హైకోర్టు దాన్ని కొట్టివేసింది. అదే సంవత్సరం ఎయిడెడ్ సంస్థల గ్రాంటు ఉపసంహరణకు ప్రభుత్వం చేసిన ప్రయత్నం తల్లిదండ్రుల ఆందోళనకు దారితీసింది.

2009 నాటి విద్యాహక్కు చట్టం 12(1)(సి) సెక్షన్ ప్రైవేటు బడుల్లో 25 శాతం సీట్లను బలహీన వర్గాలకు ఉచితంగా ఇవ్వాలంటుంది. ఆంధ్రప్రదేశ్ నిబంధనలు ఇందులో షెడ్యూల్డు కులాలకు 10, తెగలకు 4 శాతం కేటాయించాయి. అల్పసంఖ్యాక వర్గాల యాజమాన్యంలోని బడులకు సుప్రీంకోర్టు తీర్పుల వల్ల మినహాయింపు ఉంది. 2023లో ఈ సీట్లకు పట్టణాల్లో ఏడాదికి 8,000 రూపాయలు నిర్ణయించారు. రెండేళ్ల కిందట నగరంలో 12,000 అవసరమన్న ప్రభుత్వమే కోటా బిడ్డకు 8,000 చాలన్నది. పైగా ఆ మొత్తాన్ని తల్లికి అందే అమ్మఒడి సొమ్ము నుంచి కట్టాలన్నది. చట్టంలోని ‘ఉచితం’ ఆచరణలో తల్లి ఖాతా మీద భారమైంది.

6. ముగింపు

నోబుల్ నాటి బడి గడప దగ్గర కులం నిలబడింది. నేటి బడి గడప దగ్గర ఫీజు నిలబడుతోంది. వీటి మధ్య ఎయిడెడ్ బడి అందరినీ సమానం చేసిందని చెప్పలేకపోయినా, కట్టలేని కుటుంబానికి తలుపు తెరిచి ఉంచింది. అక్కడ ఎవరి పక్కన ఎవరు కూర్చున్నారో తెలిపే ఆధారం బడుల ప్రవేశ రిజిస్టర్లలో ఉంది. విద్యార్థి కులం, మతం, మాతృభాష వాటిలో నమోదవుతాయి. గ్రాంటు పోయి బడి మూతపడితే ఆ రిజిస్టర్లు కూడా చెదిరిపోతాయి. వాటిని భద్రపరచి పరిశీలించడం వన్ టౌన్ సామాజిక చరిత్ర రచనలో తొలి పని కావాలి.