కార్తీక పౌర్ణమి రాత్రి మునిగిన ఏ-72

2014 నవంబర్ 6, గురువారం. కార్తీక పౌర్ణమి. చిలకలూరిపేటలో పొద్దుగూకేసరికే గుళ్లు కిటకిటలాడుతున్నాయి. పొద్దుటినుంచీ ఉపవాసమున్న ఆడవాళ్లు నేతిలో తడిపిన 365 వత్తుల కట్టలు వెలిగిస్తున్నారు. కోటప్పకొండ మీద త్రికోటేశ్వరుడికీ దీపాలే దీపాలు.

అదే రాత్రి ఎనిమిది గంటల వేళ. విశాఖ తీరానికి 10, 15 నాటికల్ మైళ్ల దూరంలో, అంటే ఇంచుమించు చిలకలూరిపేట నుంచి నరసరావుపేట వెళ్లేంత దూరంలో, నౌకాదళం పడవ ఒకటి రేవుకు తిరిగొస్తోంది. దానిలో ఒక గదిలోకి నీళ్లు చేరాయి.

ఆ పడవ ఏ-72. గోవా షిప్‌యార్డు 1983లో కట్టింది. ఫిరంగుల్లేవు, పరేడ్‌లలో చోటు లేదు. టగ్గులు, నీళ్ల బార్జీల్లాగే చాకిరీకి పుట్టిన పడవ. యుద్ధనౌకలు సాధన కోసం వదిలే టార్పెడోలను వెతికి తేవడం దాని పని. ఆ టార్పెడోల తలలో మందుగుండు ఉండదు. పరుగు ముగిశాక నీటిపైకి తేలతాయి. ఎంతో ఖరీదైనవి, పైగా పరుగు వివరాలన్నీ వాటిలోనే నమోదై ఉంటాయి. అందుకే ఒక్కటి కూడా పోగొట్టుకోరు. ఊగే డెక్ మీద నిలబడి, అలలకు ఎగిరెగిరిపడే ఆ ఇనుప దూలానికి తాడు తగిలించి పైకి లాగాలి. చెయ్యి జారితే వేళ్లు నలుగుతాయి. ఆ రోజూ ఆ పని మీదే వెళ్లారు.

ఓడలో ఒక గదికి నీరొస్తే పక్క గదుల తలుపులు బిగిస్తారు, పంపులతో తోడతారు. చిన్న పడవకు ఆ గడువు బహు తక్కువ. ఏ-72 మునిగిపోయింది. గాలింపు నౌకలు చీకట్లో 23 మందిని కాపాడాయి. ఒకరు చనిపోయారు. నలుగురు గల్లంతయ్యారని నౌకాదళం ప్రకటించింది. హుద్‌హుద్ తుపాను విశాఖను చావుదెబ్బ తీసి అప్పటికి నెల కూడా తిరగలేదు.

నౌకాదళం విచారణకు ఆదేశించింది. నా మట్టుకు ఒక్కటే మాట: యుద్ధనౌక మీద పెట్టే శ్రద్ధ 31 ఏళ్లు ఊడిగం చేసిన చిన్న పడవ మీదా పెట్టాలి. దానిలో ఉన్నవాళ్లూ ఆ నౌకాదళం బిడ్డలే.

ఏ-72 మునిగిన సరిగ్గా 11 నెలలకు, 2015 అక్టోబర్ 6న, ఇదే పని కోసం 50 మీటర్ల ఐఎన్ఎస్ అస్త్రధారిణి విశాఖలో నౌకాదళంలో చేరింది. దాని రూపకల్పనలో విశాఖలోని నౌకాదళ శాస్త్ర సాంకేతిక ప్రయోగశాల (ఎన్‌ఎస్‌టీఎల్), ఖరగ్‌పూర్ ఐఐటీ పాలుపంచుకున్నాయి.