చిట్టగాంగు కొండసీమ: జనసంఖ్యయు రాజ్యతంత్రమును

జనగణన యనగా నున్న ప్రజలను లెక్కించుటయే యని మనము తలంతుము. కాని సరిహద్దు సీమలయందు కొన్ని ప్రభుత్వములు తమకు వలసిన లెక్కను ముందుగా నిశ్చయించుకొని, దానికి సరిపడునట్లు జనులను దెచ్చి నింపుచుండును. బంగ్లాదేశమునందలి చిట్టగాంగు కొండసీమ చరిత్రము ఇందులకు నిదర్శనము.

ఈ సీమలో చాక్మాలును మర్మలును బౌద్ధులు, త్రిపురులు హిందువులు. 1900 సంవత్సరపు నిబంధనము బయటివా రిచ్చట యథేచ్ఛగా భూమి సంపాదింపకుండ నిరోధించుచుండెను. దేశవిభజన నాటికి ఇచ్చటివారిలో నూటికి 97 మంది మహమ్మదీయేతరులు. తమ సీమ భారతదేశమున జేరునని నమ్మి, 1947 ఆగష్టు 15వ తేదీన రంగమాటిలో వారు భారతపతాకము నెత్తిరి. రెండు దినములకు వెలువడిన రాడ్‌క్లిఫ్ నిర్ణయము ఆ సీమను పాకిస్తానున కొసంగెను. నాటినుండి వారు తమ ప్రభుత్వమునకే అనుమానాస్పదులైరి.

కర్ణఫులీ నదిపై కాప్తాయికడ విద్యుచ్ఛక్తికై కట్టిన ఆనకట్ట 1962లో పూర్తియయ్యెను. సాగునేలలో నూటికి 40 వంతులును, చాక్మారాజుగారి నగరును నీట మునిగెను. ఇంచుమించు లక్షమంది నిరాశ్రయులైరి. వారిలో వేలకొలది జనులు 1964లో భారతదేశమునకు వచ్చిరి.

1971లో బంగ్లాదేశము స్వతంత్రమయ్యెను. మరుసటియేట రాజ్యాంగము పౌరులందరును బంగాళీలే యని చెప్పగా, మానవేంద్ర నారాయణ లార్మా తాను చాక్మానని శాసనసభలో నిలిచి వాదించెను. పిమ్మట సాయుధపోరాటము పుట్టెను. 1979 మొదలు కొన్నియేండ్లలో ప్రభుత్వము మైదానములనుండి సుమారు 4 లక్షల బంగాళీలను దెచ్చి యిచ్చట నెలకొల్పెను.

ఇంతమందికి భూమి యెక్కడిది? మన యేజెన్సీలలోని పోడువంటి ఝూముసేద్యము కొండవారి జీవనము. ఒకయేడు దున్నక విడిచిన నేల మరల తమదేయని వారి యాచారము. పట్టాలేని నేల సర్కారుదని దస్తరపు న్యాయము. ఆ న్యాయముననుసరించి కొండవారి నేల వలసవారికి బంచబడెను. అట్లు వచ్చినవారును ధనవంతులు కారు. భూమిలేని నిరుపేదలు ఉచితభూమి యను మాట నమ్మి వచ్చి, సైన్యమునకును తిరుగుబాటుదార్లకును నడుమ చిక్కి, అనేకులు ప్రాణములు గోల్పోయిరి. 1991 జనగణన నాటికి సీమలో సుమారు సగము బంగాళీలే.

1997 డిసెంబరు 2వ తేదీన సంధి కుదిరెను. భూవివాదముల పరిష్కారమునకు సంఘ మేర్పడెను. అయినను ఆ వివాదములు నేటికిని తీరలేదు.

ఇచ్చట మనవారు గమనింపవలసిన విషయ మొకటి గలదు. 1964లో వచ్చిన చాక్మాలను భారతప్రభుత్వము నేటి అరుణాచలములో నిలిపెను. తమ్మడుగకయే పరులను దెచ్చి తమ నేలపై నిలిపిరని అచ్చటి గిరిజనులు నేటికిని మొరపెట్టుచున్నారు. ఒకచోట లెక్కకు బలియైనవారు వేరొకచోట లెక్క తప్పించినవారుగా నిందింపబడుచున్నారు!

కావున దోషము మతమునందు గాని, వలసవచ్చిన పేదవానియందు గాని లేదు. మనుష్యుని సంఖ్యగా వాడుకొన్న రాజ్యతంత్రమునందే యున్నది. అల్పసంఖ్యాకుల రక్షణ వారి నేలపై వారి హక్కును గుర్తించుటతో నారంభము కావలెను.