అత్త చెప్పబోయిన మాట

1980 ఫిబ్రవరి 16న నల్గొండ వైపు సంపూర్ణ సూర్యగ్రహణం. మా చిన్నత్తకు అప్పుడు మూడో నెల. ఆగస్టులో పుట్టిన పాపకు రెండు కళ్ళల్లోనూ తెల్లటి పొర. వినపడదని తర్వాత తెలిసింది. "కదలకుండా పడుకోమంటే విన్నదా!" అని అత్తగారు నలుగురిలో అనేది. ఆ రోజుల్లోనే ఒంటి మీద ఎర్రటి దద్దు వచ్చి మూడు రోజుల్లో పోయిందని అత్త చెప్పబోతే ఎవరూ వినలేదు.

చాలా ఏళ్ళ తర్వాత రుబెల్లా చరిత్ర చదువుతుంటే ఆ మాట మళ్ళీ ఎదురైంది. 1941లో సిడ్నీలో నార్మన్ గ్రెగ్ అనే కంటి డాక్టరు దగ్గరికి పుట్టు శుక్లాలున్న పసిపిల్లలు వరసగా వచ్చారు. గర్భంతో ఉండగా తమకు జర్మన్ మీజిల్స్ వచ్చిందని ఇద్దరు తల్లులు చెప్పుకుంటుంటే ఆయన చెవిన పడిందంటారు. రుబెల్లాకు అప్పటి పేరది. ఆయన దాన్ని ఆడవాళ్ళ కబుర్లని కొట్టిపారేయలేదు. 78 మంది పిల్లల్లో 68 మంది తల్లులకు ఆ జబ్బు వచ్చిందని తేల్చాడు. అయినా 1944లో లాన్సెట్ పత్రిక ఇది ఇంకా రుజువు కాలేదంది. తల్లుల జ్ఞాపకానికి సాక్ష్యంగా విలువెంత అన్న అనుమానం ఆ మాటలో ఉందనిపిస్తుంది నాకు.

1962లో వైరస్‌ను వేరుచేశాక అసలు సంగతి తేటపడింది. తల్లి శరీరం కొద్ది రోజుల్లోనే వైరస్‌ను జయిస్తుంది. ఆలోపే అది మాయను దాటి బిడ్డను చేరుతుంది. తల్లి యాంటీబాడీలు బిడ్డకు ఎక్కువగా అందేది చివరి నెలల్లో. మొదటి మూడు నెలల్లో పిండానికి సొంత రక్షణా ఉండదు. కళ్ళు, చెవులు, గుండె ఏర్పడే ఆ రోజుల్లోనే వైరస్ కణాల పెరుగుదలను దెబ్బతీస్తుంది. పుట్టాక కూడా నెలల తరబడి బిడ్డ ఒంట్లో ఉంటుంది. కొందరికి పెద్దయ్యాక షుగరు జబ్బు వస్తుంది.

1964-65లో అమెరికాలో సుమారు 20,000 మంది పిల్లలు ఇలా పుట్టారు. 1969లో అక్కడ టీకా వచ్చింది. మన రెండు రాష్ట్రాల్లో 9 నెలల నుంచి 15 ఏళ్ళ లోపు పిల్లలందరికీ మీజిల్స్-రుబెల్లా టీకా వేసే కార్యక్రమం మొదలైంది 2017 ఆగస్టులో. మధ్యలో 48 ఏళ్ళు. ఆ ఏళ్ళలో ఎందరు తల్లులు గ్రహణం పేరున నిందలు మోశారో!

అత్తకు రక్తపరీక్ష ఎవరూ చేయించలేదు. అది రుబెల్లాయేనని నేనూ రుజువు చెయ్యలేను. మొన్న ఆమె దగ్గర కూర్చుని ఆ దద్దు గురించి అడిగాను. ఎక్కడ మొదలైందో, ఏ రోజు తగ్గిందో పూస గుచ్చినట్టు చెప్పింది.

"ఇన్నేళ్ళకి నన్నీ సంగతి అడిగింది నువ్వొక్కదానివేనే" అంది.