పక్క జట్టు ఎత్తుకుపోయిందా, మనమే పోగొట్టుకున్నామా?

సీజన్ ముగిశాక ప్రత్యర్థి జట్టు గుట్టుచప్పుడు కాకుండా ఒక మంచి ఆటగాణ్ని తెచ్చుకుంటే అభిమానికి కడుపు మండుతుంది. మైదానంలో ఓటమినైతే కళ్లారా చూస్తాం, ఇది మాత్రం ఎక్కడో ఓ గదిలో సంతకంతో తేలిపోతుంది. అమెరికాలో బేస్‌బాల్ అభిమానులు ఏటా చలికాలమంతా ఈ బాధే పడతారు. హైదరాబాద్ ఫుట్‌బాల్‌ను ప్రేమించినవాళ్లు దీన్ని అరవై డెబ్బై ఏళ్ల కిందటే చవిచూశారు. వాళ్ల కోపమంతా కలకత్తా మీద. ఈస్ట్ బెంగాల్, మోహన్ బగాన్, మహమ్మదన్ స్పోర్టింగ్ మన కుర్రాళ్లను ఒక్కొక్కరిగా లాక్కుపోయి ఇక్కడి ఆటను ఖాళీ చేశాయన్నది వాళ్ల ఫిర్యాదు. లాక్కుపోయిన మాట నిజమే. ఇక్కడి ఆట చచ్చిపోయింది అందువల్లేనంటే మాత్రం తేదీలు ఒప్పుకోవు.

1950 నుంచి 1954 దాకా వరసగా ఐదేళ్లు హైదరాబాద్ సిటీ పోలీస్ జట్టు బొంబాయిలో రోవర్స్ కప్ గెలిచింది. 1950 డ్యూరాండ్ కప్ ఫైనల్లో అది ఓడించింది మోహన్ బగాన్‌నే. ఈ వైభవం వెనక ఉన్న మనిషి సయ్యద్ అబ్దుల్ రహీం. వృత్తికి బడిపంతులు. 1943 నుంచి చనిపోయేదాకా హైదరాబాద్ ఫుట్‌బాల్ సంఘానికి కార్యదర్శి. డ్రిబ్లింగ్ చేయకూడదన్న నియమంతో ఒక పోటీ, అలవాటు లేని కాలితోనే తన్నాలని మరో పోటీ పెట్టేవారు. బంతిని అట్టిపెట్టుకోకుండా వెంటనే అందించడం, రెండు కాళ్లూ సమంగా వాడటం కుర్రాళ్లకు అలా వంటబట్టేవి. కాబట్టి పోలీసు జట్టు నుంచి ఒకడు పోతే, అదే చదువు చదివిన ఇంకొకడు వెనకే సిద్ధంగా ఉండేవాడు. ఎంత తోడినా ఊరే బావి లాంటిది ఆ ఏర్పాటు.

తులసీదాస్ బలరాం కథ చూడండి. సికింద్రాబాద్ అమ్ముగూడ కుర్రాడు, 1956లో మెల్‌బోర్న్ ఒలింపిక్స్‌లో నాలుగో స్థానంలో నిలిచిన భారత జట్టు సభ్యుడు. 1957లో ఈస్ట్ బెంగాల్‌కు వెళ్లిపోయాడు. అంతటి ఫార్వర్డ్ పోతే ఏ ఊరైనా కుదేలవ్వాలి. కానీ హైదరాబాద్ పోలీస్ ఆ ఏడాదే డ్యూరాండ్, రోవర్స్ కప్పులు రెండూ గెలిచింది. ఆంధ్రప్రదేశ్ పోలీస్‌గా పేరు మారాక 1960లో రోవర్స్, 1961లో డ్యూరాండ్, 1963లో మళ్లీ రోవర్స్ దక్కాయి. 1965-66లో రాష్ట్రాల జట్లు తలపడే సంతోష్ ట్రోఫీ ఫైనల్లో ఆంధ్రప్రదేశ్ చేతిలో ఓడింది సాక్షాత్తు బెంగాలే. ఆ వెంటనే, 1966లో, మహమ్మద్ హబీబ్, సయ్యద్ నయీముద్దీన్ ఈస్ట్ బెంగాల్‌కు వెళ్లారు. ఈసారి దెబ్బ మానలేదు. సంతోష్ ట్రోఫీ మళ్లీ మన ఇంటికి రాలేదు. కలకత్తా అదే, పద్ధతీ అదే. నడుమ మారింది ఒక్కటే: 1963 జూన్‌లో రహీం క్యాన్సర్‌తో కన్నుమూశారు, ఆయన పెంచిన ఆ వరస వెనక ఇంకో వరస తయారుకాలేదు.

ఒక్క మనిషి చావు మీద ఇంత భారం మోపడమేమిటని అడగవచ్చు. నిజానికి ఆరోపణ ఆయన చావు మీద కాదు. ఇరవై ఏళ్లు ఒక పంతులు తన భుజాల మీద మోసిన పనిని ఆయన తర్వాత ఏ సంఘమూ, ఏ శాఖా ఎత్తుకోకపోవడం మీద. క్రికెట్ మింగేసిందన్న వాదన ఇంకా బలహీనం. ఈడెన్ గార్డెన్స్ ఉన్న ఊళ్లోనే కదా ఫుట్‌బాల్ బతికింది! ఇక ఆటగాళ్లు డబ్బుకు అమ్ముడుపోయారనడం అన్యాయం. యూసుఫ్ ఖాన్‌లా పోలీసు ఉద్యోగంతో ఇక్కడే ఉండిపోయినవాళ్లూ ఉన్నారు. హబీబ్ ఆటే బతుకుతెరువనుకుని వెళ్లాడు. 1977లో పెలే వచ్చిన కాస్మోస్ జట్టు మీద మోహన్ బగాన్ తరఫున గోలు కొట్టాడు. ఆ గోలును మనం గర్వంగా మనదని చెప్పుకుంటాం. గర్వం మనకు, తప్పు అతనికి అనడం కుదరదు. ఆటగాళ్లను కట్టేసి ఉంచాల్సిందంటారా, అమెరికా బేస్‌బాల్ ఆ పనీ చేసి చూసింది. క్లబ్బు వదిలితే తప్ప ఆటగాడు కదలలేని నిబంధన అక్కడ దశాబ్దాలు నడిచి, 1975లో కూలిపోయింది.

అందుకే ఇప్పుడు అడగాల్సిన ప్రశ్న బోరబండ లాంటి బస్తీ గురించి. నాటి పోలీసు జట్టు కాలి పని తెలిసిన పేదింటి కుర్రాడికి ఉద్యోగమూ, జెర్సీ, గురువూ ఇచ్చేది. నేడు బోరబండ కుర్రాడికి పక్కనే యూసుఫ్‌గూడలో పోలీసు బెటాలియన్ ఉంది, ఇండోర్ స్టేడియం ఉంది. బడి నుంచి జట్టు దాకా నడిపించే ఆ దారి లేదు. 2019లో పుట్టిన హైదరాబాద్ ఎఫ్‌సీ 2022లో ఇండియన్ సూపర్ లీగ్ గెలిచినప్పుడు చాలామందికి ఆశ కలిగింది. రెండేళ్లు తిరక్కుండానే డబ్బు కష్టాల్లో ఆటగాళ్లు చెదిరిపోయారు, 2025లో ఫ్రాంచైజీయే ఢిల్లీకి తరలింది. దాన్నీ ఎవరో ఎత్తుకుపోయారని తిట్టుకోవచ్చు. కానీ 2024 డిసెంబర్ 31న సంతోష్ ట్రోఫీ ఫైనల్ జరిగింది మన గచ్చిబౌలిలోనే. ఆడింది బెంగాల్, కేరళ. గెలిచింది బెంగాల్.